చక్రానికి నిగనిగ ఎందుకు రాదు

మా బావ మోటార్‌సైకిల్ వెనక చక్రానికి తుప్పంతా ఎడమ పక్కనే ఉంది. కుడి పక్క అక్కడక్కడ చుక్కలు తప్ప శుభ్రంగా ఉంది. ఒకే చక్రం, ఒకే వానలో తడిసింది, ఒకే గల్లీ బురదలో తిరిగింది. తుప్పు మాత్రం ఒక పక్కకే ఎందుకు పట్టాలి? తోమే పని పక్కన పెట్టి నేను ముందు దీని గురించే ఆలోచిస్తూ కూర్చున్నాను. బావకు అది నచ్చలేదు.

"గిర్రలు తోముమంటే గిర్రలకు జాతకం చూస్తున్నవేంది బామ్మర్దీ?" అన్నాడు.

బావ అంటే మా అక్క భర్త. కార్వాన్‌లో వాళ్లిల్లూ మా ఇల్లూ ఎదురెదురుగా ఉంటాయి. రెండూ పాడి మీద బతికిన ఇళ్లే. నేను మాత్రం చిన్న వయసులోనే ఉస్మాన్‌గంజ్‌లో ఒక టోకు దుకాణానికి గోదాము చూసే పనిలో చేరి అక్కడే రిటైరయ్యాను. బస్తాలో చేయి పెట్టి పిడికెడు సరుకు తీయడం, వాసన చూడడం, రెండు గింజలు కొరకడం, ఏం తెలిసిందో ఇంటికొచ్చి డైరీలో రాసుకోవడం, ఇదీ నా జీవితం. ఇప్పుడు బస్తాలు లేవు. అలవాటు మాత్రం ఏదో ఒకదాన్ని వెతుక్కుంటూ ఉంటుంది.

బావ పాలను వదల్లేదు. ఆ నల్ల మోటార్‌సైకిల్‌కు రెండు పక్కలా క్యాన్లు కట్టుకుని తెల్లవారకముందే అఫ్జల్‌గంజ్ హోటళ్లకు పాలు పోసి వచ్చేవాడు. బర్రెలతో పాటు ఆయనకు ఎప్పుడూ ఒక దున్నపోతు ఉండేది. దాన్ని ఏ పనికీ కట్టేవాడు కాదు. దానికున్న పని ఏడాదికి ఒక్కటే. దీపావళి వెళ్లగానే మా పాడి ఇళ్లవాళ్లం దున్నపోతులకు గొరిగి, నూనె రాసి, కొమ్ములకు రంగులు వేసి, మెళ్లో పూలదండలూ కాళ్లకు గవ్వల పట్టెలూ కట్టి ఊరేగిస్తాం. దీన్నే సదర్ అంటాం. డప్పుల ముందు దున్న ముందుకాళ్లు పైకెత్తి వెనక కాళ్ల మీద నిలబడిందంటే ఆ ఇంటి పేరు మరుసటి సదర్ దాకా నలుగురి నోట్లో ఉంటుంది.

ఈ వేసవిలో కొట్టం ఉన్న జాగాను దాని సొంతదార్లు కట్టడం కోసం తీసుకున్నారు. బర్రెలు ముందు పోయాయి. దున్న చివర పోయింది. ఊరి బయట పెద్ద పాడి ఉన్నవాళ్లు వచ్చి తోలుకుపోయారు. ఆ రోజు బావ ఇంట్లో లేడు. కావాలనే ఎటో వెళ్లాడు.

సదర్‌లో గల్లీ మలుపు దగ్గర, కరెంటు స్తంభం పక్కన నిలబడే జాగా బావ వాళ్ల ఇంటిది. వాళ్ల నాయన దున్న అక్కడే నిలబడింది, తాత దున్న అక్కడే నిలబడింది. దీనికి రాతకోతలేం లేవు. ఒక ఇంటివాళ్లు రాకపోతే పక్కింటివాళ్లు ముందుకు జరుగుతారు. ఒకసారి జరిగాక మళ్లీ వెనక్కి జరగమని అడగడం మర్యాద కాదు. అందుకే శ్రావణం దాటినప్పటి నుంచీ బావ ఆ స్తంభం వైపు చూసి నడవడం మానేశాడు. చివరికి ఒకరోజు మోటార్‌సైకిల్‌ను మా అరుగు ముందుకు తోసుకొచ్చి డబుల్ స్టాండు వేశాడు.

"నీకు ఖాళీయే గదా. గీ గిర్రలు మెరిపియ్యాలె."

"అమ్ముతున్నవా బావా?"

"అమ్ముడా? దున్న పాయె. ఇగ బండి గూడ అమ్మితే నేను ఎవని ఎంబడి తిరగాలె? సదర్‌కు తీస్కపోతున్న."

"దేన్ని?"

"గిదాన్నే."

మా మేనల్లుడు, అంటే బావ కొడుకు, అప్పుడే ఆఫీసుకు బయల్దేరుతున్నాడు. అది విని హెల్మెట్ తీసేశాడు. "బాపు, పరేషాన్ చెయ్యకు. దున్నపోతుల నడుమ ఫట్‌ఫటి పెడ్తవా? మందంత నవ్వుతరు. స్తంభం కాడ మంచిగ కుర్చీ ఏస్త, కూసొని చూడు."

"కుర్చీల కూసున్నోడు చూసెటోడైతడు బిడ్డా," అన్నాడు బావ. "నేను చూసెటోన్ని కాదు, చూపెట్టెటోన్ని."

నేను వెళ్లి చక్రం పక్కన పీట వేసుకున్నాను.

ఎడమ పక్క తుప్పు సంగతి ఆ సాయంత్రమే తేలింది. పాత క్యాన్లు ఇంకా అక్క వాళ్ల పెరట్లోనే ఉన్నాయి. నీళ్లు పోసి వంచి చూశాను. ఒకదాని మూత బాగానే బిగిసింది, రెండోది కారింది. అది ఎప్పుడూ ఏ పక్క కట్టేవాడివని బావను అడిగితే ఎడమ చేయి చూపించాడు. అన్నేళ్లూ ఆ క్యాన్ నుంచి చుక్క చుక్కగా పాలు కారి, రిమ్ము మీద పులిసి, నికిల్ పూతను తిన్నాయన్నమాట. పాలు ఇనుమును తింటాయని నాకు అప్పటిదాకా తెలియదు.

"అంటే గది తుప్పు గాదు, నా పాలే," అని బావ తుప్పు మీద వేలు పెట్టి చూశాడు.

తోమడం మొదలుపెట్టాను. చక్రం పుల్లలు రిమ్మును చిన్న చిన్న గళ్లుగా విడదీస్తాయి. ఒక్కో గడిలో ఒక్కో వస్తువుతో తోమి చూద్దామనుకున్నాను. ఏది దేనితో తోమిందో మర్చిపోకుండా పుల్లలకు రంగురంగుల దారాలు కట్టాను. అక్క వచ్చి చూసి, "తాయెత్తులు గట్టినవేంది తమ్మీ, దిష్టి తగిలిందా?" అంది.

మా ఇళ్లలో తోమడమంటే ఇత్తడి తోమడమే. చింతపండు, పిడకల బూడిద, ఇటుక పొడి. ఎంత తోమితే అంత మెరుపు. బలం పెట్టినకొద్దీ లోపలి నుంచి కొత్త ఇత్తడి వస్తూనే ఉంటుంది. అదే చేత్తో ఇటుక పొడి పెట్టి రిమ్మును రుద్దాను. మొదట మెరిసింది. ఇంకొంచెం రుద్దాను. మెరుపు కింద నుంచి పసుపుపచ్చని మచ్చ ఒకటి పైకి తేలింది. ఆపి అద్దాలు పెట్టుకుని చూశాను. నికిల్‌ది ఒట్టి తోలు. ఇత్తడికి లోపలా బయటా ఒకటే, దీనికి లోపల వేరు బయట వేరు. దీన్ని ఎంత తోమితే అంత పోతుంది. బలం పెట్టకుండా మెరిపించడం ఎలా అన్నది నాకు కొత్త ప్రశ్న. పెద్ద వయసులో ఇలాంటి కొత్త ప్రశ్న దొరికితే నిద్ర కూడా బాగా పడుతుంది.

బూడిద గడి మసకబారింది. చింతపండు గడి తుప్పును కొంచెం కదిపింది, కానీ పుల్లల మొదట్లో గుజ్జు ఇరుక్కుని చీమలు పట్టాయి. పళ్లపొడి గడి పరవాలేదు. అఫ్జల్‌గంజ్‌లో బండి సామాన్ల దుకాణానికి వెళ్లి పాలిష్ సీసా కూడా తెచ్చాను. దుకాణం అతను, "చాచా, షాదీ హై క్యా ఘర్ మే?" అని అడిగాడు. పెళ్లి కాదు, ఊరేగింపు ఉందన్నాను. ఆ సీసా మెరుపున్న చోట ఇంకా మెరిపించింది, తుప్పున్న చోట తుప్పునే మెరిపించింది.

పని చేసింది ఎవరూ అనుకోనిది. మేనల్లుడు హోటల్ నుంచి నాన్ రొట్టెలు తెచ్చాడు. అవి చుట్టిన వెండి రంగు కాగితం అరుగు మీద పడి ఉంది. పుల్లల మధ్య ఇరుక్కున్న చింతపండు తీయడానికి దాన్నే ఉండ చేసి, నీళ్లలో ముంచి గీకాను. గీకిన చోట తుప్పు నల్లటి మడ్డిలా కరిగి వచ్చింది. గుడ్డతో తుడిస్తే కింద నా ముక్కు కనిపించింది. పక్క గడిలోనూ చేసి చూశాను, అంతే. బలం అక్కర్లేదు, చంటిపిల్ల వీపు రుద్దినట్టు రుద్దితే చాలు. ఆ కాగితం నికిల్ కంటే మెత్తనిది, తుప్పు కంటే గట్టిది అయ్యుంటుందని ఆ రాత్రి రాసుకున్నాను. నిజమో కాదో ఇప్పటికీ తెలియదు. మర్నాటి నుంచి అక్క ఇంట్లో రోజూ నాన్ రొట్టెలే.

"గిర్రలు మెరిసేదాక నాకు అన్నం లేదా?" అని మేనల్లుడు మొత్తుకున్నాడు. అయినా తెచ్చాడు. ఒకరోజు ఆఫీసు బట్టల్లోనే పీట లాక్కుని ముందు చక్రం తానే తోమాడు. తండ్రి చూడడం లేదనుకున్నాడు.

దీపావళి నాటికి రెండు రిమ్ములూ వెలిగిపోయాయి. పాలు తిన్న చోట చిన్న చిన్న గుంటలు మిగిలాయి, అవి పోవు. ఎండలో పెట్టి బావను పిలిచాను. ఆయన చుట్టూ తిరిగి చూశాడు. వంగి చూశాడు. అరచేయి పెట్టి చూశాడు.

"మంచిగున్నది," అన్నాడు.

"గట్లంటున్నవేంది? ఏం తక్కువైంది?"

"తళతళ అంటున్నది. నిగనిగ లేదు."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

"దున్న నిగనిగలాడుతుండె బామ్మర్దీ. చెయ్యి పెడ్తె జారుతుండె. దాన్ని చూస్తె లోపటి నుంచి మెరిసినట్టుండె. గిది చూడు, పైనుంచే కొడుతున్నది. కండ్లు గుంజుతున్నయి."

ఆ మాట నన్ను పట్టుకుంది. రెండూ మెరుపు మాటలే, కానీ మనం వాటిని ఎప్పుడూ కలిపేయం. చెంబు తళతళ అంటుంది, నిగనిగ అనదు. వంకాయ నిగనిగ అంటుంది, తళతళ అనదు. తలంటుకున్న జుట్టు నిగనిగ, కత్తి తళతళ. చెరుకుగడ, నేరేడుపండు, దున్నపోతు ఒక వైపు. పళ్లెం, చుక్కలు, నికిల్ ఒక వైపు. ఎవరూ నేర్పకుండానే ఇంత కచ్చితంగా ఎలా విడదీశాం? తళతళ వెలుతురును తిప్పికొట్టేది, నిగనిగ వెలుతురును కొంచెం తాగేది అని నాకు తోచింది. ఇంట్లో ఉన్న వస్తువులన్నిటినీ కిటికీ దగ్గర పెట్టి చూశాను. ఇనుప బాండలి మాత్రం ఏ వైపుకూ తేలలేదు. నూనె ఉన్నప్పుడు నిగనిగ, తోమాక ఏదీ కాదు.

ఆ బాండలి సంగతి నేను బావకు చెప్పకుండా ఉండాల్సింది.

సదర్ రోజు పొద్దున నేను లేచి చూసేసరికి బావ బనీను మీద చక్రాల దగ్గర కూర్చుని ఉన్నాడు. పక్కన దున్నకు రాసే నువ్వుల నూనె సీసా. పోయినేడు మిగిలింది. దోసిట్లో పోసుకుని, దున్న డొక్కలకు రాసినట్టే రెండు చేతులా రిమ్ములకు, పుల్లలకు, నడిమి హబ్బుకు మర్దన చేస్తున్నాడు. ఆయన ముఖంలో వేసవి తర్వాత మొదటిసారి తృప్తి కనిపించింది. అందుకే వద్దని ఆపలేకపోయాను.

"ఇప్పుడు చూడు!" అన్నాడు. "నిగనిగ!"

నిజానికి కొంచెం ఉంది కూడా. కిక్కు కొట్టి, గల్లీ చివరిదాకా పోయొస్తానని బయల్దేరాడు. పోయాడు, కానీ ఆగాల్సిన చోట ఆగలేదు. నూనె హబ్బు సందుల్లోంచి బ్రేకుల్లోకి దిగింది. ఆయన కాళ్లు రెండూ నేలకు రాస్తూ, "జరుగుండ్రి! జరుగుండ్రి!" అని అరుస్తూ, కొత్త కట్టడం ముందు పోసిన ఇసుక కుప్పలోకి నేరుగా వెళ్లిపోయాడు. మేం పరుగెత్తి వెళ్లేసరికి బండి ఇసుకలో కూరుకుని ఉంది, ఆయన దాని మీదే కూర్చుని ఉన్నాడు. దెబ్బేం తగల్లేదు. ఒక చెప్పు ఎటుపోయిందో దొరకలేదు.

చక్రాలను చూశాను. నూనె మీద ఇసుక పట్టి, రవ్వలో దొర్లినట్టున్నాయి. పొడి గుడ్డతో తుడిస్తే ఇసుక గీతలు పడి నికిల్ పోతుంది. సాయంత్రం సదర్. బ్రేకులు విప్పి కొత్త లైనర్లు వేద్దామంటే ఆ రోజు మెకానిక్ లేడు. అతనిదీ పాడి ఇల్లే, దున్న దగ్గరున్నాడు.

బావ బండిని తోసుకొచ్చి అక్క వాకిట్లో పెట్టి, మెట్టు మీద కూలబడ్డాడు. "కుర్చీ ఎయ్యి బిడ్డా," అన్నాడు కొడుకుతో. "స్తంభం కాడ ఏస్తనంటివి గదా. ఎయ్యి పో."

మేనల్లుడు కదల్లేదు. అన్నాళ్లూ ఆ కుర్చీ గురించి చెప్పినవాడే ఇప్పుడు నేలవైపు చూస్తున్నాడు.

అక్క లోపల్నుంచి వచ్చింది. పండుగ తలస్నానాలకు నానబెట్టిన కుంకుడుకాయల గిన్నె చేతిలో ఉంది. ఒకసారి చక్రాలను చూసింది, ఒకసారి ఆయన్ను చూసింది.

"నూనె పెట్టినంక తలకు పోస్కోవాలె గదా. గింతదానికి గట్ల కూసున్నవేంది?"

చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని పీట వేసుకుంది. కుంకుడు పులుసు రిమ్ము మీద పోసి, నురగ వచ్చేదాకా ఆగి, నీళ్లు పోసింది. ఇసుక రుద్దకుండానే జారిపోయింది. మళ్లీ పోసింది. నేను నీళ్లు అందిస్తూ చూస్తున్నాను. కుంకుడు జుట్టులో నూనె ఎలా విడిపిస్తుందో ఇక్కడా అలాగే విడిపిస్తోంది. ఇన్ని గళ్లలో ఇన్ని వస్తువులు పెట్టి చూసిన నాకు ఇది మాత్రం తోచలేదు. రిమ్ములు మళ్లీ తళతళలాడాయి.

"మరి నిగనిగ?" అన్నాడు బావ, చిన్నపిల్లవాడిలా.

"తెల్లదానికి నూనె పెడ్తరా ఎవలన్న?" అంది అక్క. "నల్లదానికి పెట్టు."

నూనె సీసాలో అడుగున మిగిలిన కొంచెం గుడ్డ మీద వేసుకుని టైరు పక్కలకు రాసింది, నేలకు తగిలే చోట వదిలేసి. ఆ బూడిద రంగు రబ్బరు మా కళ్ల ముందే నల్లబడింది. నేరేడుపండులా అయింది. నల్లటి నిగనిగ, దాని లోపల గుండ్రంగా తెల్లటి తళతళ. రెండూ పక్కపక్కన చూసినప్పుడు, ఒకదాని వల్ల ఇంకొకటి పెరిగినట్టు అనిపించింది. అది ఎందుకో ఇంకా ఆలోచిస్తున్నాను.

బావ లేచి నిలబడ్డాడు. మళ్లీ డీలా పడ్డాడు. "బ్రేకులు లేవు గదనే. ఎట్ల తోల్కపోవాలె?"

"దున్నపోతుకు బ్రేకులుండెనా?" అంది అక్క. "పగ్గం పట్టుకొని నడుస్తుంటివి. ఇప్పుడు గూడ నడువు."

అలా బావ ఆ సాయంత్రం మోటార్‌సైకిల్‌ను నడిపించుకుంటూ సదర్‌కు వెళ్లాడు. దున్న పగ్గాన్నే హ్యాండిల్‌కు చుట్టాడు. హెడ్‌లైట్‌కు దున్న బంతిపూల దండ. గవ్వల పట్టెలు ముందు చక్రం ఫోర్కులకు కట్టాడు. కొత్త తలపాగా పెట్టుకుని ఎడమ చేయి హ్యాండిల్ మీద, కుడి చేయి సీటు మీద వేసి నడుస్తుంటే, దున్న మూపు మీద చెయ్యేసి నడిచే మనిషి నడకే అది. తోలుకుంటూ వెళ్లి ఉంటే ఆ నడక ఉండేది కాదు.

గల్లీ మలుపులో అప్పటికే డప్పులు మోగుతున్నాయి. పక్కింటివాళ్ల దున్న స్తంభం పక్క జాగాలోకి సగం జరిగి ఉంది. మమ్మల్ని చూసి పోరగాళ్లు ఈలలు వేశారు.

"అన్నా, నీ దున్న మస్తు సన్నబడ్డదే!"

"కొమ్ములు వంకర పోయినయే!"

"పాలిస్తదా?"

"నీ అయ్య తాగిన పాలు దీని మీదనే వచ్చినయిరా!" అన్నాడు బావ, నడక ఆపకుండా.

మా గల్లీలో అందరికంటే పెద్దాయన స్తంభం దగ్గరే నిలబడి ఉన్నాడు. ఎవరు ఎక్కడ నిలబడాలో ఆయన చూసుకుంటాడు. బండిని కింది నుంచి పైదాకా చూశాడు. నవ్వలేదు. "దున్న అన్నంక కాళ్లు లేపాలె," అన్నాడు. "లేపుతదా?"

బావ నా వైపు చూశాడు. బండిని డబుల్ స్టాండు మీదికి లాగాడు. వెనక్కి వెళ్లి, క్యాన్లు కట్టే ఇనుప కమ్మి మీద తన బరువంతా వేసి వంగాడు. బండి వెనక భాగం దిగింది, ముందు చక్రం నేల విడిచి గాలిలోకి లేచింది. గవ్వలు గలగలలాడాయి.

"తిప్పు బామ్మర్దీ!" అన్నాడు ఊపిరి బిగబట్టి.

నేను చక్రాన్ని చేత్తో తిప్పాను. మలుపులో కట్టిన రంగు బల్బులన్నీ రిమ్ములోకి వచ్చి గుండ్రంగా తిరిగాయి. వెనక చక్రం గుంటలు, ఇటుక పొడి మచ్చ ఎవరి కంటా పడలేదు. డప్పులవాళ్లు దెబ్బ మార్చారు, దున్న లేచినప్పుడు కొట్టే దెబ్బ. మేనల్లుడు ఎక్కడి నుంచి వచ్చాడో, తండ్రి పక్కన తానూ ఆ కమ్మి మీద వంగాడు. చక్రం ఇంకా పైకి లేచింది.

పెద్దాయన పక్కింటివాళ్ల వైపు తిరిగి, "జర ఎనుకకు జరుగుండ్రి, గా జాగ వాళ్లది," అన్నాడు.

వాళ్లు నవ్వుతూనే దున్నను వెనక్కి లాగారు. అది జరిగింది గానీ మెడ చాచి ముందు టైరును వాసన చూసింది. నువ్వుల నూనె కదా, తన ఒంటి మీదున్న వాసనే. నాలుక చాపి ఒక్కసారి నాకింది. టైరు మీద మొదలైన తడి చార రిమ్ము దాకా వచ్చింది.

నేను అలవాటుగా భుజం మీది గుడ్డ తీశాను. లాలాజలంలో కూడా పులుపు ఉంటుందా, పాలలాగే అదీ నికిల్‌ను తింటుందా అని ఆలోచిస్తున్నాను.

"తుడువకు," అన్నాడు బావ.

ఇప్పుడు ఆ బండి మళ్లీ వాకిట్లోనే ఉంటోంది. బ్రేకులు బాగు చేయించాం. రిమ్ములను నేనే తుడుస్తాను, తడి కాగితంతో, బలం పెట్టకుండా. ముందు చక్రంలో దున్న నాకిన ఒక్క గడి మాత్రం వదిలేస్తాను. దానికి ఎర్ర దారం కట్టి ఉంది. రోజూ వంగి చూస్తాను. ఇంకా తుప్పు పట్టలేదు.